డోర్నకల్ నుంచి వాట్సాప్ గ్రూపు దాకా: ఓరుగల్లు సంఘాల్లో సహవాసం మారిన తీరు

ఆదివారం ఆరాధనను ఫోన్లో చూసినవాళ్ళు సంఘానికి వచ్చినట్టా, రానట్టా? హనుమకొండ, కాజీపేట, మహబూబాబాద్ వైపు ఏ సంఘ కమిటీలో కూర్చున్నా ఈ మాట రాకమానదు. రెండు పక్షాలకూ వాక్యం సిద్ధంగా ఉంటుంది. పెద్దలు హెబ్రీ పత్రిక పదో అధ్యాయం తీసి 'సమాజముగా కూడుట మానక' అని చదువుతారు. పిల్లలు మత్తయి సువార్త తీస్తారు: ఇద్దరు ముగ్గురు కూడినచోట యేసు ఉంటానన్నాడు కదా, మా ఇంట్లో నలుగురం ఉన్నాం అంటారు. గొడవంతా కరోనాతోనే మొదలైందన్నట్టు మాట్లాడతారు గానీ, దీని వేళ్ళు ఇంకా లోతున ఉన్నాయి.

అమెరికన్ బాప్టిస్టులు హనుమకొండలో మిషన్ పెట్టింది 1879లో. వెస్లియన్ మెథడిస్టులు హైదరాబాద్ నుంచి మెదక్, కరీంనగర్ వైపు పాకారు. కాథలిక్కులకు వరంగల్ మేత్రాసనం, అంటే బిషప్ ఏలుబడి ప్రాంతం, 1952లో ఏర్పడింది, కాజీపేట ఫాతిమానగర్ దానికి కేంద్రమైంది. మిషన్ చరిత్రలు బంగళాలు, ఆసుపత్రులు, బడుల గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. సహవాసం మాత్రం ఎక్కువగా బంగళా బయటే పుట్టింది. మాలవాడలో, మాదిగవాడలో పగలంతా పొలం పని చేసి వచ్చినవాళ్ళు రాత్రి లాంతరు చుట్టూ కూర్చునేవారు. ఊరి ఉపదేశకుడే పంతులు, ఆయనే పాస్టరు. చదువు రానివాళ్ళకు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, కీర్తనలు నోటికి వచ్చేదాకా చెప్పించేవాడు.

ఈ సంగతిని అందరికంటే బాగా పట్టుకున్న మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి తమిళుడు. అక్కడి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో నడపాలని 1903లో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున 1909లో డోర్నకల్ వచ్చాడు. నిజాం రాజ్యంలో అదొక రైల్వే జంక్షన్, చుట్టూ పల్లెలు. మరుసటి ఏడు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన మాట్లాడిన తీరుకు చాలామంది తెల్ల మిషనరీల ముఖాలు మాడిపోయాయి. మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నది ఆయన అడిగిన దాని సారం. దేశీయ క్రైస్తవుణ్ణి ఇంటికి భోజనానికి పిలవని మిషనరీ ఎంత ప్రేమ గురించి చెప్పినా అది పైనుంచి కిందికి పడే ప్రేమే అని ఆయన బాధ. 1912 డిసెంబరులో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన కెథడ్రల్‌లో, అంటే బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చిలో, హిందూ దేవాలయ శిల్పం, మసీదు శిల్పం కలిసి కనిపిస్తాయి. ఫొటోలు దిగేవాళ్ళకు ఆ భవనమే గుర్తుంటుంది. నా దృష్టిలో ఆయన అసలు పని వేరు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత వాళ్ళ చెయ్యి వాళ్ళ తల మీదే పెట్టించి, 'నేను సువార్త ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ' అన్న పౌలు మాట పలికించేవాడు. ఏటా సాక్ష్య వారం పెట్టి, మామూలు కూలీలనే పక్క ఊళ్ళకు పంపేవాడు. ఆడవాళ్ళు వంటకు ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, దాన్ని కానుకగా గుడికి తెచ్చేవారు. ఎవరి ఇంట్లో కుండ ఖాళీగా ఉందో కూడా దాంతో సంఘానికి తెలిసిపోయేది.

దూరం నుంచి వచ్చే గొంతు ఈ పల్లెలకు కొత్త కాదు. 1970 నుంచి సీషెల్స్ దీవుల్లోని ఫెబా అనే క్రైస్తవ రేడియో స్టేషన్ షార్ట్‌వేవ్‌లో భారతీయ భాషల కార్యక్రమాలు ప్రసారం చేసింది. గుర్రుగుర్రుమనే ట్రాన్సిస్టర్ చుట్టూ చేరి విన్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. విని ఊరుకునేవారు కాదు, ఉత్తరాలు రాసేవారు, పోస్టులో బైబిలు పాఠాలు తెప్పించుకుని పరీక్షలు రాసేవారు. తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత కేబుల్ టీవీ. ఇవన్నీ ప్రసంగాన్ని మాత్రమే మోసుకొచ్చాయి. రేడియోలో ఎవరు మాట్లాడినా, రోగం వస్తే నూనె సీసా పట్టుకుని ఇంటికొచ్చేది ఊరి అయ్యగారే. అంచేత ఆ రోజుల్లో ఎవరికీ పేచీ రాలేదు.

దూరపు ప్రసంగాన్నీ, ఊరి పలకరింపునూ ఒకే తెర మీదికి తెచ్చింది ఫోను. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. అదే ఏడాది వాట్సాప్ గ్రూపులో 256 మంది దాకా పట్టే వీలు వచ్చింది. మన పల్లె సంఘాలు చాలావరకు అంతకు లోపే కదా! ఇక 2020లో మట్టల ఆదివారం ఏప్రిల్ 5న, ఈస్టర్ 12న, రెండూ లాక్‌డౌన్‌లోనే పడ్డాయి. తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళి, సమాధులకు పూలు పెట్టి పాటలు పాడే అలవాటు ఆ ఏడు ఆగిపోయింది. స్టాండు లేక బియ్యం డబ్బాకు ఫోను ఆనించి ప్రసంగించిన పాస్టర్లున్నారు. జూన్ 8 నుంచి ప్రార్థనా మందిరాలు తెరవొచ్చన్నారు. తలుపులు తెరిచారు గానీ కొందరు మాత్రం తెర దగ్గరే ఉండిపోయారు.

ఒక్కసారి సంఘం గ్రూపు తెరిచి చూడండి. అయిదింటికల్లా గులాబీల మీద రాసిన వాగ్దానం పడుతుంది. దాని కింద ఆమెన్‌లు, జోడించిన చేతులు. తర్వాత ఈ సందేశాన్ని పదిమందికి పంపకపోతే దీవెన పోతుందని బెదిరించే ఫార్వర్డు. ఇలాంటివాటికే కాదు గానీ, 2018లో వాట్సాప్ ఫార్వర్డుకు మన దేశంలో అయిదు చాట్ల పరిమితి పెట్టింది, పాస్టర్లకు కొంత ఊరట. ఈ చెత్త మధ్యలోనే ఎంజీఎం ఆసుపత్రిలో ఫలానా సిస్టర్‌కు రక్తం కావాలి, ఓ పాజిటివ్ అని పడుతుంది. కాసేపటికి 'అక్కా, నేను బయలుదేరిన' అని ఒకరు. గ్రూపుల్ని తిట్టే పెద్దలు ఈ రెండో రకం మెసేజ్ దగ్గర ఆగి చూడరు. గ్రూపుల్ని పొగిడే పిల్లలు మాత్రం ఆమెన్ కొట్టి ఫోను జేబులో వేసుకున్నవాళ్ళను లెక్కపెట్టరు.

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయినవాళ్ళది ఇంకో కథ. కువైట్లో సెలవు శుక్రవారం, ఆరాధనా అప్పుడే. ఆదివారం డ్యూటీలో ఉన్నవాడికి ఊరి గుడి పాట చెవిలో పడేది ఫోన్లోనే. అతనికి లైవ్ వద్దని చెప్పే ధైర్యం నాకైతే లేదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాటలు పదునెక్కుతాయి. దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు కానుక, క్యూఆర్ కోడ్ మీదుగా ఏ నగరంలోనో ఉన్న పేరున్న ప్రసంగీకుడికి పోతుంది. పెంకుటింట్లో ఉండే ఊరి పాస్టరుకు ఆదివారం సంచిలో చిల్లర మిగులుతుంది. కానీ పెళ్ళికి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఉంది. దాని కింద చర్చి పాస్టరో, లైసెన్సున్న పాస్టరో, వివాహ రిజిస్ట్రారో ఎదురుగా నిలబడాలి, రిజిస్టరులో సంతకాలు పడాలి. చావు వస్తే సమాధుల తోటలో ఆరడుగుల జాగా అడగాల్సింది ఊరి సంఘాన్నే. ఏళ్ళ తరబడి గుడి గడప తొక్కనివాళ్ళు ఆ రోజు వస్తే, సభ్యుల పుస్తకంలో పేరు వెతికే సంఘ పెద్ద ముఖం చూడాలి. కఠినం అనిపిస్తుంది గానీ, ఆయన కోపం పూర్తిగా అన్యాయం కాదు.

ఇంతకంటే చిక్కైన సంగతి ఒకటుంది, దాన్ని వేదిక మీద ఎవరూ మాట్లాడరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. క్రైస్తవులైన ఎస్సీలు ఇక్కడ వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. గుడిలో మోకరించి, కాగితం మీద వేరేగా ఉండిపోయిన కుటుంబాలు ఈ ఉత్తర్వు వల్లే పుట్టాయి. లాంతరు వెలుగులో కూడినన్నాళ్ళు అది ఊరి గుట్టుగా ఉండేది. ఇప్పుడు బాప్తిస్మం ఫేస్‌బుక్ లైవ్‌లో పోతుంది, పేరు ట్యాగ్ చేస్తారు. కులం సర్టిఫికెట్ మీద ఎవరైనా ఫిర్యాదు పెట్టాలనుకుంటే ఆ వీడియో చేతిలో ఉన్నట్టే. అందుకే ఆరాధనలో వెనక వరుసలోకి, స్తంభం చాటుకు జరిగేవాళ్ళు ఉన్నారు, కొందరు లైవ్ పెట్టే ఆదివారాలు రావడమే మానేశారు. కెమెరాను ప్రసంగ వేదిక వైపే తిప్పి ఉంచే సంఘాలు కొన్ని ఉన్నాయి. చాలాచోట్ల మాత్రం కమిటీ మీటింగుల్లో సౌండ్ మిక్సర్ ఎంతకు కొన్నారు, నెట్ బిల్లు ఎవరు కట్టాలి అన్న దాకానే చర్చ నడుస్తుంది. తెర మీద ఎవరి ముఖం పడొచ్చు, ఎవరిని అడిగి పెట్టాలి అన్నది ఇంకా ఎజెండాలోకి రాలేదు.