గనేరియాకు విడిభాగాలు ఎక్కడ దొరుకుతున్నాయి?

విజయవాడలో ఒక అవగాహన సమావేశం అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఒకావిడ దగ్గరకొచ్చి అడిగింది. "సార్, గ్రే కిట్ మింగితే మంట తగ్గుద్ది. నెలా రెణ్ణెల్లకి మళ్లీ మొదలవుద్ది. ఇచ్చే బిళ్లలు మంచివి కావా, లేకపోతే మా ఒంట్లోనే ఏమన్నా ఉందా?" ఆమె సెక్స్ వర్కర్. తోటి ఆడవాళ్లను లైంగిక వ్యాధులకు వైద్యం చేసే సురక్ష క్లినిక్‌కు వెంటబెట్టుకుని తీసుకెళ్లే పీర్ ఎడ్యుకేటర్ కూడా. అక్కడ ఇచ్చే ఆ గ్రే కిట్‌లో చాలాకాలంగా ఉంటున్నవి రెండు మందులు: సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, అజిత్రోమైసిన్ 1 గ్రాము. రెండూ మంచివే. ఆమె ఒంట్లో లోపమూ లేదు. మందు తీసుకోని భాగస్వామి నుంచి జబ్బు తిరిగి అంటుకోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. ఆ మాట అక్కడికక్కడే చెప్పాను. అయితే ఆమె ప్రశ్నలో ఇంకో ప్రశ్న కూడా ఉంది: ఈ జబ్బు మందులకు లొంగడం ఎందుకు మానేస్తోంది? దాని జవాబు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయాను.

మన పెద్దలు సెగరోగం అన్నదే గనేరియా. దీనికి కారణమైన గొనోకాకస్ అనే బ్యాక్టీరియాను 1879లో ఆల్బర్ట్ నైసర్ గుర్తించాడు. 2020 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 8.2 కోట్ల మందికి కొత్తగా సోకిందని డబ్ల్యూహెచ్ఓ అంచనా. మగవాళ్లకు మూత్రంలో మంట, చీము కనిపిస్తాయి. ఆడవాళ్లలో సగం మందికి, అంతకంటే ఎక్కువ మందికి కూడా, ఏమీ తెలియదు. తెలిసినా మన దగ్గర మొదట వచ్చే మాట "వేడి చేసింది". బార్లీ నీళ్లు, సబ్జా, పలచటి మజ్జిగ తాగుతారు. మూత్రం పలచబడి మంట కాస్త తగ్గుతుంది కాబట్టి నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. వేడి చేస్తే చీము రాదు. ఈ ఒక్క ముక్క ప్రతి పదో తరగతి పిల్లవాడికీ, పిల్లకూ చెప్పి తీరాలని నా పట్టుదల.

ఇక మందుల కథ. 1930ల్లో సల్ఫా మందులు వచ్చాయి. పదేళ్లు తిరక్కుండా గొనోకాకస్ వాటికి లొంగడం మానేసింది. తర్వాత పెన్సిలిన్. 1940ల్లో లక్షా లక్షన్నర యూనిట్లతో నయమైన జబ్బుకు 1970ల నాటికి 48 లక్షల యూనిట్లు ఇవ్వాల్సి వచ్చింది. 1976లో పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ ఉన్న రకాలు బయటపడ్డాయి. తర్వాత టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ కూడా పోయాయి. గట్టిగా మిగిలింది సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ ఒక్కటే. ఇంత చిన్న జీవి ఇన్నిసార్లు ఎలా తప్పించుకుంది?

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీని విప్పడం ఎప్పుడైనా చూశారా? డోర్లు ఒక పక్క, గేర్‌బాక్స్ ఒక పక్క, షాఫ్టులు ఒక పక్క పేర్చి ఉంటాయి. మెకానిక్ ఒక పార్టు చేతిలోకి తీసుకుని, కిరసనాయిలు గుడ్డతో గ్రీజు తుడిచి, దాని మీద పోతపోసిన నంబరు చూస్తాడు. తన బండికి సరిపోయే నంబరైతే పక్కన పెట్టుకుంటాడు, కాకపోతే వెనక్కి పడేస్తాడు. చచ్చిపోయిన లారీ గేర్‌బాక్సుతో ఇంకో లారీ సాయంత్రానికి రోడ్డెక్కుతుంది. గొనోకాకస్ చేసే పని సరిగ్గా ఇదే.

చుట్టుపక్కల బ్యాక్టీరియాలు చనిపోయినప్పుడు వాటి డీఎన్ఏ బయట పడుతుంది. గొనోకాకస్ ఒంటి నిండా పిలై అనే సన్నటి పోగులుంటాయి. ఇవి చాచుకుని, అతుక్కుని, వెనక్కి లాక్కుంటాయి. ఒక కట్టగా కలిసి లాగినప్పుడు వాటి బలం ఆ బ్యాక్టీరియా బరువుకు లక్ష రెట్లు ఉంటుందని కొలిచారు. ఈ పోగుల్లోని కామ్‌పి అనే ప్రొటీన్ మన మెకానిక్ కన్ను లాంటిది. బయట దొరికిన డీఎన్ఏలో అది పది అక్షరాల నంబరు కోసం వెతుకుతుంది: జి-సి-సి-జి-టి-సి-టి-జి-ఎ-ఎ. ఆ నంబరు కనిపిస్తే పట్టుకుని లోపలికి లాగుతుంది. గొనోకాకస్ సొంత డీఎన్ఏ దాదాపు 22 లక్షల అక్షరాలు. అందులో ఈ నంబరు ఇంచుమించు రెండు వేల చోట్ల ఉంటుంది. అంటే ప్రతి పార్టు మీదా కంపెనీ ముద్ర వేసి పెట్టుకున్నట్టే. లోపలికి వచ్చేటప్పుడు రెండు పేటల డీఎన్ఏలో ఒక పేటే చేరుతుంది. రెక్-ఎ అనే ప్రొటీన్ దాన్ని తీసుకెళ్లి, పాత జన్యువులో సరిపోయే చోట వెతికి, అతికిస్తుంది. చాలా బ్యాక్టీరియాలు కష్టకాలంలో మాత్రమే ఇలా చేస్తాయి. గొనోకాకస్‌కు ఇది జీవితమంతా సాగే పని.

అలా అతికిన పార్టుల్లో ముఖ్యమైనది పెన్-ఎ జన్యువు. బ్యాక్టీరియా గోడను కుట్టే ప్రొటీన్‌కు అది నమూనా. సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ ఆ కుట్టుమిషన్‌లోకి దూరి సూదిని ఆపేస్తాయి. గోడ లేక బ్యాక్టీరియా పగిలిపోతుంది. కొన్ని గొనోకాకస్ రకాల్లో ఈ పెన్-ఎ అతుకుల బొంత. మొదటి ముక్క ఒకరిది, మధ్య ముక్క ఇంకొకరిది. మిషన్ ఆకారం కొద్దిగా మారింది. మందు దూరదు, కుట్టు మాత్రం సాగుతుంది. 2009లో జపాన్‌లోని క్యోటోలో హెచ్041 అనే రకం దొరికింది. దాన్ని ఆపడానికి లీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల సెఫ్‌ట్రయాక్సోన్ కావాల్సి వచ్చింది. 0.125 మిల్లీగ్రాములు దాటితేనే లొంగనట్టు లెక్క. అది దొరికింది ఒక సెక్స్ వర్కర్ గొంతులో.

ఎందుకు గొంతులో? ఆ ముక్కల సొంతదారులు అక్కడే ఉంటారు కాబట్టి. గొనోకాకస్‌ది నైసీరియా కుటుంబం. అందులో ఏ హానీ చేయని బంధువులు మనందరి గొంతుల్లోనూ కాపురముంటాయి. మీ గొంతులోనూ, నా గొంతులోనూ. గుంటూరులో ఒక మందుల షాపులో నా ముందు నిలబడిన కుర్రాడు "జలుబు, గొంతునొప్పి" అన్నాడు. చీటీ లేదు. షాపతను స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి మూడు అజిత్రోమైసిన్ బిళ్లలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. జలుబు వైరస్‌కు ఆ బిళ్లతో పని లేదు. కానీ గొంతులోని ఆ అమాయకపు నైసీరియాలు మాత్రం మందు తిన్నాయి. వాటిలో తట్టుకున్నవే మిగిలాయి, పెరిగాయి. పార్టుల గోడౌన్ ఇలా నిండుతోంది. నింపుతున్నది ఊరంతా. నోటి ద్వారా సంభోగం జరిగినప్పుడు గొనోకాకస్ ఆ గోడౌన్‌లోకి అడుగుపెడుతుంది, అంతే. చాలామంది కండోమ్ వాడేది యోని సంభోగానికే. గొంతులో చేరిన జబ్బు నొప్పి లేకుండా నెలల తరబడి కూర్చుంటుంది. పైగా మింగే సెఫిక్సిమ్ గొంతు దాకా సరిపడా చేరదు. అందుకే మొండి రకాలు అక్కడ తయారవుతాయి. ఈ జబ్బులన్నీ "వాళ్ల" దగ్గర్నుంచే వస్తున్నాయనే మాట వింటే నాకు బాధ కలిగేది ఇందుకే.

లక్షణాలు చూసి కిట్ ఇచ్చే పద్ధతి ల్యాబులు లేని చోట ఎందరినో కాపాడింది. కానీ లక్షణమే లేని గొంతును అది చూడలేదు. కల్చర్ చేయడమూ, అంటే ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి ఏ మందుకు లొంగుతుందో చూడడమూ, తేలిక కాదు. గొనోకాకస్ చాలా సుకుమారం. నమూనా తీసిన దూదిపుల్ల, అంటే స్వాబ్, ఎండితే చస్తుంది. దానికి కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలీ, చాక్లెట్ అగార్ అనే ఆహారమూ కావాలి. అందులో చాక్లెట్ ఏమీ ఉండదు, వేడి చేసిన రక్తం వల్ల ఆ రంగు వస్తుంది. మే నెల ఎండలో ఆటోలో వెళ్లే స్వాబ్ ల్యాబుకు చేరేలోపే వట్టిపోతుంది. జన్యు పరీక్ష అయితే జబ్బు ఉందో లేదో చెప్పేస్తుంది, ఏ మందుకు లొంగుతుందో మాత్రం మామూలుగా చెప్పదు. జోలిఫ్లోడాసిన్ అనే కొత్త మందుకు 2023లో పెద్ద ప్రయోగంలో మంచి ఫలితాలొచ్చాయి. దాన్నీ స్ట్రిప్ కత్తిరించి అమ్మే రోజు రాకూడదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆవిడకు ఫోన్ చేశాను. ఓపిగ్గా అంతా విని, "అయితే సార్, గొంతు చూడమని డాక్టరుగారిని అడిగితే ఏమనుకుంటారో" అంది. క్లినిక్‌లో చూపించడానికి ఒక వాక్యం రాసి పంపాను: "మంట తగ్గి మళ్లీ వస్తోంది, గొంతు స్వాబ్ కూడా కల్చర్‌కు పంపండి." కాసేపటికి మెసేజ్ వచ్చింది. కొంచెం పెద్ద అక్షరాల్లో పంపమంది, తనతో వచ్చే ఇద్దరికి కూడా చూపించాలట.