కోడిపిల్ల తిన్న ప్రోటీన్ ఎక్కడికి పోతోంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

కోళ్ల దాణాకు ఫార్ములాలు రాయడం నా పని. రైతులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న "ఇందులో ప్రోటీన్ ఎంత శాతం?" అని. దానికి ముందు అడగాల్సింది, ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ముఖ్యమైన లైసిన్, మెథియోనిన్, థ్రియోనిన్ జీర్ణమయ్యే రూపంలో ఎంత ఉన్నాయని.

అపోహ: ప్రోటీన్ శాతం పెరిగితే కండ పెరుగుతుంది.

వాస్తవం: సంచి మీది క్రూడ్ ప్రోటీన్ అంటే దాణాలోని నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసిన అంకె. ఏ అమైనో ఆమ్లం ఎంత ఉందో, అందులో ఎంత అరుగుతుందో అది చెప్పదు. కండ పెరగాలంటే కావలసిన అమైనో ఆమ్లాలన్నీ ఒకేసారి అందాలి. ఒక్కటి తగ్గినా ఎదుగుదల అక్కడికే ఆగుతుంది, మిగిలినవి తర్వాతి పూటకు దాచుకునే వీలు కోడికి లేదు. మొక్కజొన్న, సోయా చెక్కతో చేసిన దాణాలో మొదట కొరత పడేది మెథియోనిన్, తర్వాత లైసిన్, ఆపైన సాధారణంగా థ్రియోనిన్.

వాడుకోలేని అమైనో ఆమ్లాలు విరిగిపోతాయి. వాటి నత్రజనిని కాలేయం యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది రెట్టతో బయటికి పోతుంది. ఒక్కో యూరిక్ ఆమ్ల అణువు తయారీకి గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం అణువు ఒకటి ఖర్చవుతుంది, శక్తీ ఖర్చవుతుంది. అంటే అక్కర్లేని ప్రోటీన్‌ను వదిలించుకోవడానికి పిల్ల మళ్లీ అమైనో ఆమ్లాన్నే పోగొట్టుకుంటోంది! పైగా నీళ్లు ఎక్కువ తాగుతుంది, లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే పొట్టు) తడుస్తుంది, అమ్మోనియా లేస్తుంది, పాదాలు పుండ్లు పడతాయి. షెడ్డులో ఘాటు వాసన వస్తే గాలి ఆడటం లేదని మాత్రమే అనుకోకండి, దాణానూ చూడండి.

అపోహ: తిన్నదంతా రొమ్ము కండకే చేరుతుంది.

వాస్తవం: కండ కంటే ముందు పేగు తన వాటా తీసుకుంటుంది. దాణాలోని గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లంలో ఎక్కువ భాగాన్ని పేగు కణాలే ఇంధనంగా వాడేస్తాయి. పేగు లోపలి గోడను కాపాడే జిగురు పొరలో థ్రియోనిన్ చాలా ఉంటుంది. కాక్సిడియోసిస్ లాంటి పేగు జబ్బు తగిలితే ఆ పొరకు మరింత థ్రియోనిన్ కావాలి, కండకు వెళ్లేది తగ్గుతుంది. జబ్బు తీవ్రమైతే కాలేయం రక్షణ ప్రోటీన్లు చేయడానికి కండనే కరిగించుకుంటుంది. దాణా మార్చకపోయినా బరువు ఆగిపోయిందని రైతు బాధపడే సందర్భాల్లో నేను ముందు పేగు ఆరోగ్యం గురించే అడుగుతాను.

ఇక ఈకలు. చాలామంది వీటిని లెక్కలోకే తీసుకోరు. ఈక దాదాపు అంతా కెరటిన్ అనే ప్రోటీన్, అందులో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మెండు. కోడి మెథియోనిన్ నుంచి సిస్టీన్ చేసుకోగలదు గానీ, సిస్టీన్ నుంచి మెథియోనిన్ చేసుకోలేదు. అందుకే ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తాం. లైసిన్ సంగతి తలకిందులు: ఈకల్లో బాగా తక్కువ, రొమ్ము కండలో బాగా ఎక్కువ. పిల్ల ఎదిగేకొద్దీ ఈకల వాటా, ఒంటిని నిలబెట్టుకునే ఖర్చు పెరుగుతాయి. కాబట్టి లైసిన్‌ను 100 అనుకుంటే, మెథియోనిన్ సిస్టీన్‌ల మొత్తం స్టార్టర్‌లో (చిన్న పిల్లల దాణా) 75 దగ్గర ఉండి, ఫినిషర్‌కు (అమ్మకానికి ముందు వేసే దాణా) 80 దిశగా పెరగాలి. స్టార్టర్‌కే మొక్కజొన్న కలిపి పలుచన చేసి ఫినిషర్ అనడం ఇందుకే తప్పు.

అపోహ: ఫ్యాక్టరీలో చేసిన మెథియోనిన్ కోడి ఒంటికి పట్టదు.

వాస్తవం: పడుతుంది. ఫ్యాక్టరీలో చేసే డీఎల్ మెథియోనిన్‌లో అద్దంలో ప్రతిబింబాల్లాంటి డీ, ఎల్ అనే రెండు రూపాలుంటాయి, వాటిలో డీ రూపాన్ని కోడి తన కాలేయంలో, మూత్రపిండాల్లో ఎల్ రూపంగా మార్చుకుంటుంది. లైసిన్, థ్రియోనిన్‌లకు ఈ వెసులుబాటు లేదు, అవి ఎల్ రూపంలోనే వేయాలి.

అపోహ: లైసిన్ ఎంత వేస్తే అంత మంచిది.

వాస్తవం: నత్రజనిని యూరియాగా మార్చే యూరియా చక్రం కోడిలో అసంపూర్తిగా ఉంటుంది, అందువల్ల ఆ చక్రంలో తయారయ్యే అర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగినంత తయారు చేసుకోలేదు, దాణా నుంచే రావాలి. లైసిన్ మితిమీరితే మూత్రపిండాల్లో అర్జినిన్‌ను విరిచే ఎంజైమ్ పెరుగుతుంది. అర్జినిన్ అంతంతమాత్రంగా ఉన్న దాణాలో ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే లైసిన్ పెంచిన ప్రతిసారీ అర్జినిన్ అంకెను కూడా మళ్లీ సరిచూడాలి.