ఇనాం టైటిల్ డీడు, సర్వే కొలత: అపోహలు - వాస్తవాలు

పాత భూముల కాగితాలు చదివి హద్దులు తేల్చడం నా పని. కోస్తా, రాయలసీమ జిల్లాల కుటుంబాలు ఎక్కువగా పట్టుకొచ్చేది 1860ల నాటి ఇనాం టైటిల్ డీడు, అంటే ఇనాం (మాన్యం, దానంగా వచ్చిన భూమి) హక్కును ఖాయం చేస్తూ సర్కారు ఇచ్చిన పత్రం. భూమిని దానం ఇచ్చినవాళ్లు, దాన్ని ఖాయం చేసినవాళ్లు, కొలిచినవాళ్లు వేర్వేరు. మనం మాత్రం ఈ ముగ్గురి పనినీ ఆ ఒక్క కాగితంలోనే వెతుకుతాం. తగాదాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

అపోహ: టైటిల్ డీడు ఉందంటే ఆ భూమిని ఇంగ్లీషు దొరలే మా ముత్తాతకు ఇచ్చినట్టు.

వాస్తవం: మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసేనాటికే ఆ మాన్యాలు చాలావరకు పాతవి. నవాబులో, జమీందార్లో, అంతకు ముందు రాజులో ఇచ్చినవి. కమిషన్ కొత్తగా భూమి పంచలేదు. ఉన్న దానాన్ని విచారించి, ఖాయం చేసి, ఇకపై సర్కారుకు ఏటా ఎంత కట్టాలో తేల్చింది. అప్పటిదాకా వారసులు లేకపోయినా, సేవ ఆగిపోయినా మాన్యం సర్కారు వెనక్కి తీసుకుంటుందనే భయం ఉండేది. క్విట్‌రెంట్, అంటే ఏటా కట్టే ఆ పైకం, కట్టడానికి ఒప్పుకుంటే ప్రభుత్వం ఆ హక్కు వదులుకునేది. దీన్నే ఎన్‌ఫ్రాంచైజ్‌మెంట్ అన్నారు.

అసలు చిక్కు దీని తర్వాత ఉంది. డీడులో కనిపించేది ఇనాందారు పేరు. పొలం దున్నుతున్న రైతు సంగతి అందులో తేలదు. ఆ దానం మేల్వారానికి, అంటే శిస్తు హక్కుకు మాత్రమే అయి ఉండొచ్చు, కుడివారంతో, అంటే సాగు హక్కుతో కలిపీ అయి ఉండొచ్చు. డీడు చూపించి సాగుదారులను వెళ్లగొట్టొచ్చా అన్న సందేహం ఆ రోజుల్లోనే వచ్చింది. అందుకే 1869లో మద్రాసు 8వ చట్టం చేశారు: టైటిల్ డీడు వల్ల ఆ భూమిలో ఇతరులకున్న ఏ హక్కూ తగ్గదు. డీడును ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన వాళ్లకు కూడా ఈ చట్టం పేరు చెబితే కొత్తగానే ఉంటుంది.

అపోహ: రాగిరేకో, సనదో (దానపత్రం) చూపించలేకపోతే మాన్యం ఖాయం చేసేవారు కాదు.

వాస్తవం: చేసేవారు. యాభై ఏళ్లుగా అనుభవంలో ఉంటే చాలు, హక్కు ఉన్నట్టే లెక్క. కాబట్టి రాగిరేకు ఎక్కడో పోయిందని బెంగపడకుండా ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు తీయించండి. మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు, విచారణ నాటికి ఎవరి చేతిలో ఉంది అన్నవన్నీ అందులో గళ్లు గీసి రాశారు.

వాటిలో "ఎందుకిచ్చారు" అన్న గడి ముందు చూడండి. బ్రాహ్మణులకు సొంతానికి ఇచ్చిన భట్టవృత్తి వేరు, గ్రామసేవకు ఇచ్చింది వేరు, గుడికి ఇచ్చింది వేరు. దేవాలయ సేవ కోసమని రాసి ఉంటే, పక్కన మీ తాతగారి పేరున్నా ఆయన సొంత ఆస్తి అనుకోవడానికి లేదు. సేవ జరుగుతున్నంత కాలమే ఆ మాన్యం. రాయలసీమలో దశబంధం ఇనాములు ఎక్కువ. చెరువు తవ్వించినందుకు, దాని మరమ్మతులు చూసుకునేందుకు ఇచ్చినవి అవి. చెరువు బాధ్యతను పక్కనపెట్టి భూమి గురించి మాత్రమే మాట్లాడితే ఆ రికార్డును సగమే చదివినట్టు.

అపోహ: డీడులో రాసిన ఎకరాలు సర్వే చేసి రాసినవే. ఇప్పుడు తగ్గిందంటే పక్కవాడు కలుపుకున్నాడు.

వాస్తవం: కమిషన్ గొలుసు పట్టుకుని పొలాల్లో తిరగలేదు. విస్తీర్ణం చాలాచోట్ల కరణం లెక్కల నుంచే వచ్చింది. ఆ లెక్కలు పుట్టి, తూము, కుచ్చెల లాంటి కొలతల్లో ఉండేవి. పుట్టి అంటే ఎంత నేలో ఊరిని బట్టి మారేది. దాన్ని ఎకరాల్లోకి మార్చి రాస్తే తేడా రాకుండా ఉంటుందా? రెవెన్యూ సర్వే ఇంకో శాఖ పని. కొన్ని ఊళ్లకు ముందే వచ్చింది, కొన్నింటికి చాలా ఏళ్ల తర్వాత. డీడుకూ సర్వేకూ మధ్య కొంత తేడా ఉంటే పక్కరైతు మీద కేసు వేయకండి. ముందు సర్వే నంబరు పట్టుకుని ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, పొలం కొలతల పటం) తీయించండి.

అపోహ: ఆ కాలపు గొలుసు కొలతలు ఉజ్జాయింపువి, రోవర్లు (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరాలు) వచ్చాక వాటితో పనిలేదు.

వాస్తవం: దీన్ని నేను ఒప్పుకోను. దత్తమండలంలో (నేటి రాయలసీమ ప్రాంతం) 1800 తర్వాత కలెక్టర్ థామస్ మన్రో చేయించిన పైమాయిషీని, అంటే భూముల కొలతను చూసి ఈ మాట అంటే సరే. 33 అడుగుల గొలుసుతో కొలిచారు. అలాంటి గొలుసు పొడవూ వెడల్పూ ఉన్న చతురం ఒక గుంట, నలభై గుంటలు ఎకరం. 1858 తర్వాతి రెవెన్యూ సర్వే అలాంటిది కాదు. గ్రామ సరిహద్దును థియోడలైట్‌తో (కోణాలు కొలిచే పరికరం) తేల్చి, లోపలి పొలాలను గొలుసుతో కొలిచి, మైలుకు 16 అంగుళాల స్కేలులో గ్రామపటం గీశారు. హద్దురాళ్లు పాతించారు. వాటిని కాపాడటానికి 1860లోనే చట్టం వచ్చింది. ఈ రికార్డును దెబ్బతీసింది కొలతల్లోని లోపం కాదు, తర్వాత మనం పీకేసిన రాళ్లు. రోవర్ ఒక బిందువు ఎక్కడుందో కచ్చితంగా చెప్తుంది. ఆ బిందువు హద్దు అవునో కాదో చెప్పాల్సింది పాత రికార్డే.

ఒక జాగ్రత్త. ఎఫ్ఎంబీలో అంకెలు అడుగులు కావు, లింకులు. నూరు లింకులు 66 అడుగులు. 250 అని ఉంటే 165 అడుగులన్నమాట. సెంటు అంటే వెయ్యి చదరపు లింకులు.

అపోహ: పందొమ్మిదో శతాబ్దపు సర్వే కాగితం దొరకలేదంటే ఎవరో మాయం చేశారు.

వాస్తవం: ముందు మీది జమీందారీ గ్రామమా కాదా అన్నది చూసుకోండి. ఉత్తర సర్కారుల్లో (కోస్తా జిల్లాలు) జమీందార్లు కట్టాల్సిన శిస్తును శాశ్వతంగా ఖరారు చేసిన 1802 సెటిల్‌మెంట్ పొలాలు కొలవకుండానే జరిగింది. పేష్కష్, అంటే ఆ ఖరారైన శిస్తు, జమీందారు కట్టేవాడు కాబట్టి రైతుల పొలాలు ఒక్కొక్కటిగా కొలవాల్సిన అవసరం సర్కారుకు పడలేదు. అలాంటి ఊళ్లు చాలావాటికి సర్వే వచ్చింది 1948లో జమీందారీ రద్దు చట్టం చేశాకే. అక్కడ వెతకాల్సింది ఎస్టేటు లెక్కల్లో.