విజువల్స్ బాగున్నాయి, కామెడీ పండలేదు: ఒక డివైడ్ టాక్ పుట్టుక

కొలతలు వేసి గీసినట్టుండే ఫ్రేములతో కామెడీ సినిమా ఏదొచ్చినా, మొదటి ఆట వదిలేసరికి టాక్ రెండుగా చీలుతుంది. ప్రతి షాటూ ఆపి చూసుకోవాలన్నంత బాగుందని ఒకరంటారు. పక్క సీటులోంచి లేచినవారు "విజువల్స్ బాగున్నాయి, కామెడీ పండలేదు" అని తేల్చేస్తారు. ఎవరి అభిరుచి వారిదని దీన్ని వదిలేయొచ్చు గానీ, ఇదే ఫిర్యాదు ఇంచుమించు ఇవే మాటల్లో వందేళ్లుగా వినబడుతోంది. కారణాలు చాలావరకు కొలవదగినవే. నవ్వించాల్సిన విషయం ఫ్రేములో ఏ మూల ఉంది, ఎన్ని సెకన్లు కనబడింది, ఎంత తెర మీద కనబడింది అన్న మూడు ప్రశ్నల దగ్గరే సగం గొడవ తేలిపోతుంది.

మూకీల రోజుల్లో అమెరికన్ కమెడియన్, దర్శకుడు బస్టర్ కీటన్ తన గ్యాగులను, అంటే నవ్వు పుట్టించే చేష్టలను, దూరం నుంచి, తల నుంచి పాదం దాకా మనిషి కనబడేలా, వీలైతే ఒకే షాటులో తీసేవాడు. 1928లో వచ్చిన 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో ఇంటి ముందుగోడ మొత్తం విరిగి అతని మీద పడుతుంది. పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికి రావడంతో గీతైనా పడకుండా బయటపడతాడు. ఆ షాటును క్లోజప్పులుగా ముక్కలు చేస్తే జనం నమ్మరు, నమ్మకపోతే నవ్వరు. అక్కడ జోకంతా కొలతలోనే ఉంది. అంతకుముందు 1926 నాటి 'ది జనరల్'కి అతను నిజం రైలింజన్లు వాడి, ఒక ఇంజన్‌ను కాలుతున్న వంతెన మీద నుంచి నదిలోకి కూల్చాడు. సినిమా విడుదలైనప్పుడు నష్టాలు మిగిల్చింది. సాగదీశాడు, నవ్వులు తక్కువ అన్నారు సమీక్షకులు. 1928లో కీటన్ సొంత యూనిట్ వదులుకుని ఎంజీఎం స్టూడియోలో జీతానికి చేరాల్సి వచ్చింది. 1989లో, భద్రపరచదగ్గ సినిమాల జాబితా అయిన అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీ తొలి విడతగా ఎంచుకున్న 25 సినిమాల్లో మాత్రం 'ది జనరల్' ఉంది.

టాకీలొచ్చాక కామెడీకి ఇంకో లెక్క స్థిరపడింది. 1935లో 'ఎ నైట్ ఎట్ ది ఒపేరా' షూటింగుకు ముందు అమెరికన్ హాస్యనటులు మార్క్స్ సోదరులు అందులోని సీన్లను ఊరూరా స్టేజీ మీద ఆడి చూసుకున్నారు. ఏ మాటకు జనం ఎంతసేపు నవ్వుతున్నారో గమనించి, తరువాతి డైలాగును ఆ మేరకు వెనక్కి జరిపారు. జోకు, దానికి ఎదుటివాడి రియాక్షన్, ఆపైన నవ్వడానికి ఖాళీ అనే వరస అప్పటి నుంచి ఎడిటింగు గదుల్లో పాతుకుపోయింది. ఇక్కడ నవ్వాలని ప్రేక్షకుడికి చెప్పే పని రియాక్షన్ షాటుది. కొలతల ఫ్రేములతో నడిచే స్టైలైజ్డ్ కామెడీ చాలాసార్లు ఈ రియాక్షన్‌నూ ఖాళీనీ కూడా ఎత్తేస్తుంది. పాత్రధారి ముఖంలో ఏ భావమూ ఉండదు, కట్ పడదు, పక్కవాడు ఆశ్చర్యపోడు. అలవాటు లేని ప్రేక్షకుడికి జోకు జరిగిందన్న సంగతే తెలియదు.

ఈ పద్ధతిని చివరంటా తీసుకెళ్లినవాడు ఫ్రెంచి దర్శకుడు జాక్ తాతీ. 1958 నాటి 'మోన్ ఓంక్ల్'కి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది, అందులోని మిస్టర్ హులో పాత్ర ఇంటింటికీ తెలిసిపోయింది. ఆ ధీమాతో తాతీ పారిస్ శివార్లలో స్టీలు, గాజు, కాంక్రీటుతో ఒక నకిలీ నగరాన్నే కట్టించి, 1964 నుంచి 1967 వరకు 70 ఎంఎంలో 'ప్లేటైమ్' తీశాడు. దూరపు షాట్లలో జనసమ్మర్దం కోసం నిలువెత్తు ఫొటోలను అట్టల మీద అతికించి నిలబెట్టాడు. 1967 డిసెంబరులో రెండున్నర గంటల నిడివితో విడుదల చేశాక, జనం రాకపోవడంతో కత్తిరించుకుంటూ పోయాడు. అప్పుల్లో మునిగి, చివరికి తన పాత సినిమాల హక్కులు కూడా పోగొట్టుకున్నాడు.

జనం ఎందుకు రాలేదన్నది 'ప్లేటైమ్'లోని రాయల్ గార్డెన్ అనే హోటల్ సీను చూస్తే అర్థమవుతుంది. దాదాపు ముప్పావు గంట సాగే ఈ సీనులో కొత్తగా తెరిచిన హోటల్ ఒక్క రాత్రిలో విడిభాగాలుగా ఊడిపోతుంది. ఒక బల్ల దగ్గర చేప వంటకానికి ఒక వెయిటర్ సాస్ పోసి, మిరియాలు చల్లి వెళ్తాడు. కాసేపటికి ఇంకొకడొచ్చి మళ్లీ అదే చేస్తాడు, కానీ వడ్డించేవాడు మాత్రం రాడు. కుర్చీ వీపుకున్న కిరీటం ఆకారం కూర్చున్నవాళ్ల వీపుల మీద అచ్చు పడుతుంటుంది. నేల మీది పలక ఒకటి ఊడి పెద్ద వెయిటర్ బూటుకు అంటుకుంటుంది. వాకిలి దగ్గర గాజు తలుపు భళ్లున పగిలిపోయాక, ద్వారపాలకుడు మిగిలిన గుండ్రటి ఇత్తడి పిడిని చేత్తో గాల్లో పట్టుకుని, వచ్చినవారందరికీ లేని తలుపును తీస్తూ వేస్తూ నిలబడతాడు. అతిథులు కూడా మర్యాదగా ఆ తలుపు తెరిచేదాకా ఆగి మరీ లోపలికొస్తారు. తలుపు సంగతి కొంత స్పష్టంగానే కనబడుతుంది గానీ, మిగతావాటిలో చాలా గ్యాగులకు క్లోజప్ లేదు, ఇటు చూడండి అని చెప్పే సంగీతం లేదు. పైగా ఎడమ పక్క ఒకటి జరుగుతుండగా కుడి పక్క ఇంకొకటి జరుగుతుంటుంది.

మామూలు సినిమా చూస్తున్నప్పుడు హాల్లో అందరి చూపూ దాదాపు ఒకేచోటికి చేరుతుందని కంటి కదలికలను కొలిచిన పరిశోధనలు చెబుతున్నాయి. ముఖాలు, కదిలే వస్తువులు, తెర మధ్యభాగం చూపును లాగేస్తాయి. తాతీ కావాలనే ఆ లాగుడును పంచేశాడు. ఫలితంగా ఒకే వరసలో కూర్చున్న ఇద్దరు వేరు వేరు జోకులు చూస్తారు, వేరు వేరు క్షణాల్లో నవ్వుతారు. కామెడీకి హాల్లో కలిసి నవ్వడం పెద్ద బలం. నవ్వు చెదిరిపోతే నవ్వినవాడికే అనుమానం వస్తుంది. దానికి తోడు, హులో కోసం వచ్చినవారికి హులో గుంపులో ఒకడిగా కనబడ్డాడు. అతనిలాగే టోపీ, పైపు పెట్టిన వేరేవాళ్లు కూడా మధ్యలో తిరుగుతుంటారు. పాత్ర పేరుతో టిక్కెట్టు కొన్నవాడికి ఇది మోసంలా అనిపించడంలో వింతేమీ లేదు. నా ఉద్దేశంలో సినిమాను దెబ్బతీసింది ఫ్రేముల కన్నా ఈ అంచనా తేడాయే. 2002లో పునరుద్ధరించిన 70 ఎంఎం ప్రింటు బయటికొచ్చాక పరిస్థితి మారింది. 2022లో బ్రిటిష్ సినిమా పత్రిక 'సైట్ అండ్ సౌండ్' విమర్శకుల ఓటింగులో 'ప్లేటైమ్' 23వ స్థానంలో నిలిచింది.

ఇదే కాలంలో అమెరికాలో కమెడియన్, దర్శకుడు జెర్రీ లూయిస్ 1961 నాటి 'ది లేడీస్ మేన్' కోసం ముందుగోడ లేని నాలుగంతస్తుల ఇంటి సెట్ వేయించాడు. ఒక్క షాటులో గదులన్నీ కనబడతాయి. కానీ అతను మధ్యలో నిలబడి కావలసినంత రియాక్షన్ ఇస్తాడు కాబట్టి అక్కడ జోకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని పడలేదు.

టీవీ, వీడియో క్యాసెట్ వచ్చాక కొత్త నష్టం మొదలైంది. ఎత్తుకు 2.39 రెట్లు వెడల్పున్న (2.39:1) సినిమాను 1.33:1 టీవీ తెర నిండేలా కోస్తే బొమ్మలో దాదాపు 44 శాతం పోతుంది. ఫ్రేము రెండు చివరలా పెట్టిన జోకులో ఒక చివరే మిగులుతుంది. ఒక తరం ప్రేక్షకులు ఇలాంటి సినిమాలను సగం బొమ్మతో చూసి, డల్‌గా ఉందని తీర్పిచ్చారు. టీవీ దాకా రాకముందే దెబ్బతిన్నవీ ఉన్నాయి. అమెరికన్ దర్శకులు కోయెన్ సోదరుల 'ది హడ్సకర్ ప్రాక్సీ' (1994) హాళ్లలోనే తేలిపోయింది. అమెరికాలో 30 లక్షల డాలర్లు కూడా రాబట్టలేకపోయింది.

2000 తరువాత గొడవ రంగుల మీదికి మళ్లింది. అదే సోదరుల 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' (2000) మిసిసిపీ పచ్చదనంలో తీసిన సినిమా. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ఫిల్మును స్కాన్ చేయించి, ఆకుపచ్చను ఎండిన పసుపుగా మార్చాడు. సినిమా మొత్తానికి ఇలా డిజిటల్ గ్రేడింగ్ (కంప్యూటర్లో రంగులు సరిదిద్దడం) చేసిన తొలి హాలీవుడ్ చిత్రాల్లో ఇదొకటి. మరుసటి ఏడు వచ్చిన 'అమెలీ' ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల్లో పారిస్‌ను చూపించి ఫ్రాన్సులోనే 80 లక్షలకు పైగా టిక్కెట్లు అమ్మింది. అయినా ఫ్రెంచి విమర్శకుల్లో కొందరు, ఇంత కడిగి తుడిచిన పారిస్ అసలు ఎక్కడుందని మండిపడ్డారు. ప్రేక్షకులకు నచ్చి విమర్శకులకు కొరుకుడుపడని సందర్భం ఇది. సాధారణంగా వ్యవహారం తలకిందులుగా నడుస్తుంది. 2010లో 'స్కాట్ పిల్‌గ్రిమ్ వర్సెస్ ది వరల్డ్'కి మంచి సమీక్షలొచ్చినా, 6 కోట్ల డాలర్ల పైన ఖర్చుకు మొదటి విడుదలలో ప్రపంచమంతా కలిపి 5 కోట్లు కూడా రాలేదు. అభిమానులు ఆ తరువాత ఇళ్లలో చూసి తయారయ్యారు.

ఈరోజు ఈ చర్చంతా అమెరికన్ దర్శకుడు వెస్ ఆండర్సన్ చుట్టూ తిరుగుతోంది. కెమెరా గోడకు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉంటుంది, మనుషులు ఎదురుగానో పక్కవాటుగానో నిలబడతారు, కెమెరా కదిలితే అడ్డంగా జరుగుతుంది లేదా ఒక్కసారిగా లంబకోణంలో తిరుగుతుంది. సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ దీన్ని ప్లానిమెట్రిక్ పద్ధతి అన్నాడు. 'ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్' (2014) 1930ల కథను దాదాపు చదరపు 1.37:1లో, 1960లను వెడల్పు తెరలో, 1980లను 1.85:1లో చూపిస్తుంది. కాలం మారిందని ఫ్రేము ఆకారమే చెప్పేస్తుంది. తొమ్మిది ఆస్కార్ నామినేషన్లలో నాలుగు గెలిచింది, జనమూ ఆదరించారు. కారణం సుళువే. నోరు మూయని ఒక ప్రధాన పాత్ర, ఒక దొంగతనం, ఒక జైలు పరారీ, ఒక వెంటాట ఉన్నాయి. ఫ్రేము ఎంత బిగుసుకున్నా కథ పరిగెత్తింది. 'ది ఫ్రెంచ్ డిస్పాచ్' (2021) విడి కథల సంపుటి, 'ఆస్టెరాయిడ్ సిటీ' (2023) నాటకం లోపలి నాటకం. పట్టుకుని నడవడానికి ఒక మనిషి లేనప్పుడు ప్రేక్షకుడు గోడలు చూస్తూ కూర్చుంటాడు, అప్పుడే "కనెక్ట్ కాలేదు" అనే మాట వస్తుంది.

సబ్‌టైటిళ్లతో చూసేవారి కష్టం వేరు. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం వరసకు 42 అక్షరాలు, రెండు వరసలు, సెకనుకు 17 అక్షరాల వరకు చదవగలరని అనుకుంటారు. అంటే రెండు సెకన్ల డైలాగుకు 34 అక్షరాలే పడతాయి. ఈ సినిమాల్లో మాటలు గబగబా సాగుతాయి, ఉత్తరాల మీదా బోర్డుల మీదా రాతలుంటాయి, గ్యాగేమో పైమూలన ఎక్కడో ఉంటుంది. కన్ను తెర అడుగునే ఇరుక్కుపోతుంది. డబ్బింగులో ఈ బాధ తప్పుతుంది గానీ, ముఖంలో భావం లేకుండా పలకాల్సిన మాటకు డబ్బింగు కళాకారుడు ఎమోషన్ పోస్తే జోకే చస్తుంది.

తెర సంగతీ తక్కువేం కాదు. 15 సెంటీమీటర్ల వెడల్పున్న ఫోను తెర మీద, ఫ్రేము వెడల్పులో ఇరవయ్యో వంతున్న మనిషి ఏడున్నర మిల్లీమీటర్లుంటాడు. అతని చేతిలోని వస్తువు కనబడనే కనబడదు. కొత్త టీవీల్లో ముందే ఆన్‌లో ఉండే మోషన్ స్మూతింగ్ ఇంకో శత్రువు. 'ఫెంటాస్టిక్ మిస్టర్ ఫాక్స్' (2009) లాంటి స్టాప్‌మోషన్ (బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫ్రేమే తీసే పద్ధతి) కామెడీలో సెకనుకు 12 భంగిమలే ఉంటాయి, ఆ గతుకే నవ్వుకు ఆధారం. టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించి దాన్ని నున్నగా చేసేస్తుంది. హాల్లోనైతే తెర మధ్యలో 48 నిట్ల (నిట్ అంటే వెలుగు కొలిచే ప్రమాణం) వెలుగు ఉండాలని లెక్క. ల్యాంపు పాతబడినా, త్రీడీ ఫిల్టరు తీయకుండా మామూలు సినిమా వేసినా లేత గులాబీ, లేత పసుపు రంగులు మురికి బూడిదలోకి దిగిపోతాయి. విజువల్సే బలమైన సినిమాకు అప్పుడు మిగిలేది ఏమీ లేదు.

2023 వసంతంలో ఆండర్సన్ తరహాను అనుకరించే చిన్న వీడియోలు సోషల్ మీడియాను ముంచెత్తాయి. లేత రంగులు, మధ్యలో నిలబెట్టిన మనిషి, పసుపు అక్షరాలు అన్నీ ఎత్తుకొచ్చారు గానీ టైమింగు రాలేదు. వాటివల్ల జనం ఆ ఏడాది 'ఆస్టెరాయిడ్ సిటీ'కి హాలుకు వెళ్లేనాటికే ఆ ఫ్రేములతో విసిగిపోయి ఉన్నారు. ట్రైలర్ల తంతూ అంతే. రెండు నిమిషాల్లో ఇరవై ఫ్రేములు చకచకా పడితే నవ్వొస్తుంది, అదే వేగం గంటన్నర ఉంటుందనుకుని వస్తారు.

ఇక రేటింగులు. సినిమాస్కోర్ సంస్థ 1979 నుంచి విడుదల రోజు ప్రేక్షకుల చేత ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడు వేయిస్తోంది. ఆ గ్రేడు నాణ్యత కన్నా, అనుకున్నది దొరికిందా లేదా అన్నదాన్నే ఎక్కువ పట్టిస్తుంది. సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్ శాతం, నచ్చిందన్న సమీక్షలు నూటికి ఎన్నో చెబుతుంది తప్ప ఎంత నచ్చిందో చెప్పదు. అందరూ పదికి ఆరిచ్చి పర్లేదన్నా అక్కడ 100 శాతమే కనబడుతుంది. సగటు అంకెతో ఇంకో చిక్కుంది. అందరూ ఆరిచ్చినా ఆరే, సగం మంది తొమ్మిది, సగం మంది మూడు ఇచ్చినా ఆరే. ఇలాంటి సినిమాలకు చాలాసార్లు పడేది రెండో రకం ఆరు. ఐఎండీబీ లాంటి సినిమా వెబ్‌సైట్లలో సగటు అంకె మీద నొక్కితే ఏ మార్కుకు ఎన్ని ఓట్లు పడ్డాయో వరసగా కనబడుతుంది. పైనా కిందా రెండు గుట్టలుండి మధ్యలో పల్లం ఉంటే, అది యావరేజ్ సినిమా కాదు, డివైడ్ టాక్ సినిమా.