గానుగ కదలదు, చెరకే వస్తుంది

మొన్న తిరుపతిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి అడిగింది: "సార్, డీఎన్‌ఏకు నకలు తీసే యంత్రం దారం మీద పరుగెత్తుతుందా, దారమే యంత్రంలోకి వస్తుందా?" మేం పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద గీత గీసి, ఎంజైమును దాని మీద బండిలా నడిపిస్తాం. ఆ బొమ్మకు అలవాటు పడితే ఈ ప్రశ్నే పుట్టదు. ఈ పిల్లది పెనుమూరు దగ్గర చెరకు పండించే ఇల్లు, అందుకే పుట్టింది.

గానుగ నేలలో బిగించి ఉంటుంది, గడలే రోలర్ల మధ్యకు వస్తాయి. నడుస్తున్న గానుగను ఠక్కున ఆపి, చుట్టూ వేలాడే గడల్ని కొడవలితో కోసి, నీళ్లు కొట్టి కడిగేశామనుకోండి. రోలర్లలో ఇరుక్కుని మిగిలేది అప్పుడే నలిగిన పచ్చి పిప్పి. గానుగే గడ వెంట తిరిగేదైతే కోసిన ముక్కలతో పాటే కొట్టుకుపోయేది.

1975లో బెరెజ్నీ, కాఫీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక కాలేయంతో చేసింది ఇదే. కాలేయంలో కొంత కోసేస్తే మిగిలింది మళ్లీ పెరుగుతుంది, నకళ్ల పని జోరుగా సాగుతుంది. అప్పుడు డీఎన్‌ఏ కట్టడానికి వాడే ముడిసరుకైన థైమిడిన్‌ను రేడియోధార్మిక రూపంలో కొద్దిసేపు ఇస్తే కొత్త డీఎన్‌ఏకే గుర్తు పడుతుంది. ఇక కేంద్రకాలను వేరుచేయాలి. అందుకు మామూలుగా వాడేది చక్కెర పాకమే! లీటరుకు సుమారు 750 గ్రాముల చక్కెర ఉన్న ద్రావణంలో కాలేయం గుజ్జును సెంట్రిఫ్యూజులో తిప్పితే, బరువైన కేంద్రకాలు అడుక్కు దిగుతాయి, తక్కిన చెత్త పైనే ఆగిపోతుంది. తర్వాత డిటర్జెంటుతో పొర తీస్తారు. 2 మోలార్ గాఢత ఉన్న ఉప్పు నీళ్లు డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రొటీన్లను ఊడదీస్తాయి. డీఎన్‌ఏజ్ ఎంజైము మన కొడవలి. చివరికి మిగిలేది ప్రొటీన్ల అస్థిపంజరం, దాన్ని పట్టుకుని కాస్త డీఎన్‌ఏ. ఆ కాస్తలో గుర్తు పడ్డ కొత్త డీఎన్‌ఏ వాటా బాగా ఎక్కువ!

1980లో వోగెల్‌స్టీన్, పార్డోల్, కాఫీ కొడవలి వాడకుండా చూశారు. ఉప్పుకు డీఎన్‌ఏ ఉచ్చులు, అంటే అస్థిపంజరానికి అంటుకుని మెలికలుగా వేలాడే డీఎన్‌ఏ దారాలు, విప్పుకుని కేంద్రకం చుట్టూ వెలుగువలయంలా పరుచుకున్నాయి. గుర్తు మొదట లోపలి అంచున కనిపించి, సమయం గడిచేకొద్దీ బయటికి జరిగింది. పిప్పి అవతలికి వచ్చినట్టే.

అంత ఉప్పులో ప్రొటీన్లు ఉత్తినే గడ్డకట్టాయేమో అన్న అనుమానం న్యాయమైనదే. 1986లో జాక్సన్, కుక్ కణాలను అగరోజ్ అనే జెల్లీలాంటి పదార్థపు పూసల్లో పొదిగి, కణంలో ఉండేపాటి ఉప్పులోనే డీఎన్‌ఏను కోసి, విద్యుత్తుతో ముక్కల్ని బయటికి లాగేశారు. నకలు తీసే శక్తి లోపలే నిలిచింది.

అంతా విని ఆ అమ్మాయి అంది: "గానుగలో ఒకేసారి రెండు మూడు గడలు పెడతాం కదా సార్, అక్కడా అంతేనా?"

ఒక్కో చోట ఎన్ని ఉచ్చులు దూరతాయన్న దాని మీదే శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు.