వరిబీజం: నీరు తీస్తే సరిపోదని తెలిసినా

మా పెదనాన్న పంచె కట్టే తీరు చిన్నప్పుడు మాకు వింతగా ఉండేది. ముందువైపు కుచ్చిళ్ళు ఎక్కువ పోసేవాడు, కూర్చుంటే ఒళ్ళో తువ్వాలు పరుచుకునేవాడు. అది వరిబీజం, అంటే వృషణాల తిత్తిలో నీరు చేరే జబ్బు అని పెద్దయ్యాక తెలిసింది. ఊళ్ళో ‘బుడ్డ’ అనేవాళ్ళు, అదీ ఆయన లేనప్పుడే. రెండుసార్లు సూదితో నీరు తీయించుకున్నాడు, రెండుసార్లూ కొన్ని నెలలకే మళ్ళీ నిండింది. మూడోసారి వెళ్ళలేదు. ఆపరేషన్‌తో పోతుందని చెప్పినవాళ్ళు లేరు, అడగడానికి ఆయనకు సిగ్గు.

నీరు తీయడం చాలా పాత వైద్యం. సుశ్రుత సంహితలో దీని పేరు మూత్రవృద్ధి. వడ్లగింజ మొనలాంటి వ్రీహిముఖం అనే పరికరంతో, తిత్తి మధ్య గీతకు పక్కగా, కిందిభాగంలో పొడిచి, రెండు నోళ్ళున్న గొట్టం పెట్టి నీరు కార్చి కట్టు కట్టమన్నారు. ఎక్కడ పొడవాలో కూడా అంత కచ్చితంగా చెప్పారు, నాకైతే చదివినప్పుడల్లా ఆశ్చర్యమే.

కానీ సమస్య నీటిది కాదు, సంచిది. వృషణం చుట్టూ రెండు పొరల సంచి ఉంటుంది, మధ్యలో కాస్త తేమ. ఊరే నీటికీ, ఒంట్లోకి తిరిగి ఇంకే నీటికీ లెక్క తప్పితే వాపు మొదలవుతుంది. చీకటి గదిలో టార్చి ఆనిస్తే ఆ వాపు ఎర్రగా వెలుగుతుంది, లోపల ఉన్నది పల్చటి, లేత పసుపు నీరు కాబట్టి. ఆ నీరు తోడేస్తే బావిలో ఊట లాగా మళ్ళీ వస్తుంది.

అందుకే 19వ శతాబ్దంలో, నీరు తీశాక సంచిలోకి ఘాటైన ద్రవం ఎక్కించి పొరలు అతుక్కునేలా చేసేవారు. మొదట ద్రాక్షసారా వాడేవారు, 1830లలో కలకత్తాలో జేమ్స్ రనాల్డ్ మార్టిన్ అనే డాక్టరు అయోడిన్ వాడాడు. దీని నొప్పి ఎంతో చెప్పడానికి ఒక సంగతి. 1845 ఏప్రిల్ 4న కలకత్తా దగ్గరి హుగ్లీలో జేమ్స్ ఎస్డైల్ అనే డాక్టరు, రెండువైపులా వరిబీజం ఉన్న మాధవ్ కౌరా అనే ఖైదీకి ఇలాగే మందు ఎక్కిస్తే అతను నొప్పితో మెలికలు తిరిగాడు, అది చూడలేక ఎస్డైల్ మెస్మరిజంతో నిద్రపుచ్చే ప్రయత్నం చేశాడు. ఈథర్ మత్తు లోకానికి తెలియడానికి ఇంకో ఏడాదిన్నర ఉంది.

మత్తు వచ్చాకే సంచి జోలికి ధైర్యంగా వెళ్ళగలిగారు. 1898లో వింకెల్‌మన్, 1902లో ఫ్రాన్స్‌లో జాబూలే అనే సర్జన్లు రాసిన పద్ధతిలో సంచిని చీల్చి, దిండు గలీబు తిప్పినట్టు లోపలి వైపు బయటికి తిప్పి, వృషణం వెనక కుట్టేస్తారు. ఊరిన నీటిని చుట్టూ ఉన్న కండ పీల్చేసుకుంటుంది. సంచి దళసరిగా ఉంటే కోసి తీసేస్తారు. పల్చని సంచులకు 1964లో లార్డ్ అనే ఇంగ్లిష్ సర్జన్ మడతలు వేసి కుట్టే పద్ధతి చెప్పాడు, రక్తం తక్కువ పోతుంది. పసిపిల్లల సంగతి వేరు. వాళ్ళకు పొట్ట నుంచి దిగే దారి మూసుకోక నీరు చేరుతుంది, చాలామందికి ఏడాది రెండేళ్ళలో తనే పోతుంది, పోకపోతే గజ్జల్లో కోసి ఆ దారి కట్టేస్తారు.

మన గోదావరి, శ్రీకాకుళం వైపు ఇది ఇంతగా ఉండడానికి పెద్ద కారణం బోదకాలు (ఫైలేరియా) పురుగే. ఆ పురుగు పిల్లల్ని 1863లో పారిస్‌లో దెమార్కే అనే డాక్టరు మొదట చూసింది కూడా, హవానా నుంచి వచ్చిన ఒకతని వరిబీజం నీటిలోనే. ఫైలేరియా వల్ల వరిబీజం వచ్చిన మగవాళ్ళు ప్రపంచంలో 2.5 కోట్ల మంది ఉంటారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. మన దేశంలో 1955 నుంచి ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం నడుస్తోంది, 2004 నుంచి ఊరంతటికీ మాత్రలు పంచుతున్నారు. ఆ మాత్రలు వ్యాప్తిని ఆపుతాయి, పెద్దదైపోయిన బుడ్డను తగ్గించవు. దానికి ఆపరేషనే. అది కూడా కార్యక్రమంలో భాగమే.

అయితే మాత్రలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది ఆశా కార్యకర్త, ఆడమనిషి. మా పెదనాన్న ఆమెకు ఈ మాట చచ్చినా చెప్పేవాడు కాదు. అలాంటివాళ్ళను ఒక మగ ఆరోగ్య కార్యకర్త పక్కకు పిలిచి, జబ్బు పేరు పెట్టి అడగాలి.