విల్లు ఎక్కడ వంగాలి?

"రెండు రెక్కలూ మిల్లీమీటరు తేడా లేకుండా చెక్కాను. పొడవునా ఒకే వెడల్పు, ఒకే మందం. అయినా పిడి దాటి బెత్తెడు దూరంలో టప్పున విరిగింది. చెక్క మంచిది కాదా, నా చెయ్యి మంచిది కాదా?" అని ఒక పాఠకుడు అడిగారు.

రెండూ మంచివే. ఆయన అంత శ్రద్ధగా పాటించిన ఆ "ఒకే మందం" వల్లే విల్లు విరిగింది. ఈ ప్రశ్న చదివినప్పటి నుంచీ దీని గురించి రాయాలని ఒకటే ఆరాటం. బలాల లెక్కను కంటికి కట్టినట్టు చూపించే వస్తువుల్లో చెక్క విల్లుకు సాటి వచ్చేది నాకు ఇంతవరకూ కనబడలేదు.

విల్లు పుట్టుక, రకాలు, బాణాలు, ఈకలు ఇవన్నీ వదిలేస్తున్నాను. పేర్లు మాత్రం చెప్పుకుందాం. బాణం వేసే మనిషి వైపు ఉండే ముఖం వింటి పొట్ట, గురి వైపు ఉండేది వీపు. మధ్యలో పిడి, అటూ ఇటూ రెండు రెక్కలు, వాటి కొసల్లో కొప్పులు, కొప్పు నుంచి కొప్పుకి నారి. కొద్దిగా గీకడం, వంచి చూడటం, మళ్లీ గీకడం, మళ్లీ వంచడం... ఇలా రెక్కలను దారికి తెచ్చే పనిని విల్లు చేసేవాళ్లు టిల్లరింగ్ అంటారు.

ముందు ఒక చిన్న పరీక్ష. రెండు ప్లాస్టిక్ స్కేళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వంచండి. ఒక్క స్కేలు వంచడానికి పట్టిన బలానికి రెండింతలు పడుతుంది. ఇప్పుడు ఆ రెంటినీ గట్టి జిగురుతో పూర్తిగా అతికించి, ఆరాక వంచండి. ఈసారి ఎనిమిదింతలు కావాలి! అదే ప్లాస్టిక్, అదే మందం, మరి ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది? అతికించని స్కేళ్లు వంగేటప్పుడు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, ఎవరి వంపు వారిది. అతికించాక జారే వీలు లేదు. పైపొర మధ్య నుంచి రెండింతలు దూరం జరిగింది కాబట్టి అదే వంపుకి రెండింతలు సాగాలి. ఆ సాగిన పొర రెండింతల దూరం నుంచి ఎదురు తిప్పుతుంది. పైగా పదార్థమూ రెండింతలు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. బిగుతు మందానికి ఘనంలో ఉంటుంది అనే సూత్రం ఇంతే. వెడల్పు సంగతి అలా కాదు. రెండింతల వెడల్పుకి రెండింతల బిగుతు, అంతే.

ఇది రెక్కకి అన్వయిస్తే ఒళ్లు జలదరిస్తుంది. 12 మిల్లీమీటర్ల మందమున్న చోట ఒక్క మిల్లీమీటరు గీకితే 23 శాతం బిగుతు పోతుంది. కొస దగ్గర మందం 9 మిల్లీమీటర్లుంటే అదే ఒక్క మిల్లీమీటరుకి 30 శాతం పోతుంది. అదే 45 మిల్లీమీటర్ల వెడల్పులో ఒక మిల్లీమీటరు తగ్గిస్తే పోయేది రెండు శాతం పైచిలుకు. అందుకే అనుభవమున్నవాళ్లు మొదట్లో బాడిస, చిత్రిక వాడినా, విల్లు వంగడం మొదలయ్యాక వాటిని పక్కన పెట్టేసి, పొడిలాంటి పొట్టు మాత్రమే రాలే గీకుడు రేకుతో పని చేస్తారు. ప్రతిసారీ గీకిన తర్వాత విల్లును ఇరవై ముప్ఫై సార్లు కొద్దిగా లాగి వదులుతారు, మార్పు చెక్కకి పూర్తిగా ఎక్కేదాకా.

ఇక వంగిన చెక్క లోపల ఏం జరుగుతుంది? వీపు వైపు పోగులు సాగుతాయి, పొట్ట వైపు పోగులు నలుగుతాయి, మధ్యలో ఒక పొర సాగదు, నలగదు. ఈ మధ్య పొర సంగతి తేలడానికి మేధావులకే చాలా కాలం పట్టింది. 1638లో గెలీలియో, గోడలో నాటిన దూలం ఎప్పుడు విరుగుతుందో లెక్కగట్టినప్పుడు అడ్డుకోతలోని పోగులన్నీ లాగుడుకే గురవుతాయని అనుకున్నాడు. కింది అంచు నలిగే సంగతి ఆ లెక్కలో లేదు. విల్లు చేసే మనిషికి మాత్రం ఆ నలుగుడు వేలికి తగులుతుంది. పొట్ట మీద అడ్డంగా సన్నని ముడతలు పడితే, అక్కడ పోగులు నలిగిపోయాయని అర్థం.

చెక్క పోగులకు లాగుడు ఓర్చుకునే శక్తి ఎక్కువ, నలుగుడు ఓర్చుకునే శక్తి తక్కువ. అందుకే వీపు మీద పోగులు ఎక్కడా తెగకుండా ఒకే వార్షిక వలయం కొప్పు నుంచి కొప్పు దాకా సాగేలా చూసుకుంటే, ఆ తర్వాత పోరాటమంతా పొట్ట దగ్గరే. యూ చెట్టు కలప విల్లుకు అంత పేరు పొందడానికి కారణం కూడా ఇదే. బయటి తెల్ల చెక్క లాగుడుకి, లోపలి చేవ నలుగుడుకి బాగా నిలబడతాయి. 1545లో మునిగి, 1982లో బయటికి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌకలో దొరికిన 172 విళ్లూ ఈ కలపవే.

పోగు ఎంత సాగుతుంది, ఎంత నలుగుతుంది అనేదాన్ని పాఠ్యపుస్తకాలు వికృతి అంటాయి. ప్రతిబలం, వికృతి అని నిర్వచనాలు బట్టీ పట్టించే బదులు పిల్లల చేతికి ఒక చెక్క పట్టీ ఇచ్చి విరిగేదాకా వంచమంటే ఆ పాఠం జీవితాంతం గుర్తుంటుంది. విరిగిన ముక్కను చూస్తే చాలు, ఎటువైపు చీలిందో, ఎటువైపు నలిగిందో తెలిసిపోతుంది. ఉపరితలం దగ్గర వికృతి కట్టడం సులువు. మందంలో సగాన్ని వంపు వ్యాసార్థంతో భాగించాలి. 12 మిల్లీమీటర్ల రెక్క 72 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న వంపు తీసుకుంటే, 6ని 720తో భాగించాలి, 0.83 శాతం. మంచి చెక్క దీన్ని తట్టుకుంటుంది. ఎక్కడో ఒక్కచోట మడతబందులా వంగి వ్యాసార్థం 40 సెంటీమీటర్లకు పడిపోతే అక్కడ 1.5 శాతం. ఇక ఆ పోగుల పని అయిపోయినట్టే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వచ్చాం. నారి లాగినప్పుడు రెక్కలో ప్రతి చోటా ఒక తిప్పే బలం పుడుతుంది. పుస్తకాల్లో బల భ్రామకం అంటారు. కొప్పు దగ్గర అది సున్నా. పిడి వైపు వచ్చేకొద్దీ, నారి గీతకి దూరం పెరిగేకొద్దీ, అదీ పెరుగుతుంది. పిడి పక్కన అత్యధికం. ఇప్పుడు మన పాఠకుడి విల్లు గుర్తుచేసుకోండి. పొడవునా ఒకే వెడల్పు, ఒకే మందం, అంటే పొడవునా ఒకే బిగుతు. తిప్పే బలం మాత్రం పిడి పక్కన అత్యధికం. కాబట్టి వంపంతా అక్కడే పోగైంది. కొసలు కర్రల్లా నిటారుగా ఉండిపోయాయి, భారమంతా ఆ బెత్తెడు చెక్క మోసింది, విరిగింది.

మరి ఎలా చెక్కాలి? ప్రతి అంగుళం చెక్కా సమానంగా కష్టపడేలా. దీనికి రెండు దారులున్నాయి. ఆ రెంటికీ సరైన వంపు ఒకటి కాదు. ఇదే నన్ను కట్టిపడేసిన విషయం.

మొదటి దారి: మందం పొడవునా ఒకటే ఉంచి, వెడల్పును పిడి నుంచి కొప్పు దాకా త్రికోణంలా తగ్గించడం. వెడల్పు సగమైన చోట బిగుతు సగం, తిప్పే బలమూ దాదాపు సగం. రెండూ జోడుగా తగ్గుతాయి కాబట్టి వంపు అంతటా ఒకటే. రెక్క చక్కని వృత్తఖండంలా వంగుతుంది. మందం ఒకటే, వంపు ఒకటే, కాబట్టి వికృతి కూడా అంతటా ఒకటే.

రెండో దారి: వెడల్పు ఒకటే ఉంచి మందం తగ్గించడం. ఇక్కడే చాలామంది పొరబడతారు. పలచని చెక్క, అదే వికృతికి, ఎక్కువ వంగగలదు. పలచని కాగితం చుట్ట చుట్టుకుంటుంది, అట్టముక్క చుట్టుకోదు. ఈ విల్లులో కొస వైపు చెక్క పలచబడుతుంది కాబట్టి కొస వైపు వంపు ఎక్కువ ఉండాలి. లెక్క వేస్తే మందం, కొప్పు నుంచి దూరానికి వర్గమూలంలో ఉండాలని వస్తుంది. రెక్క మధ్యలో మందం పిడి దగ్గరి మందంలో 0.71 వంతు. కొప్పు నుంచి పావు దూరంలో సగం. వంపు దానికి తిరగబడి మధ్యలో 1.4 రెట్లు, పావు దూరంలో రెండింతలు. పిడి దగ్గర మెల్లగా, కొస వైపు జోరుగా వంగే ఈ ఆకారం దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది. ఇలాంటి విల్లును పట్టుకుని గుండ్రంగా వంగడం లేదని పిడి పక్కన గీకితే పిడి పక్కనే నలిగి చస్తుంది. కంటికి కనిపించేది వంపు. చెక్కకి తగిలేది వంపూ మందమూ కలిసిన లెక్క. ఆచరణలో చాలా విళ్లు ఈ రెండు దారులకూ నడుమ ఉంటాయి, వెడల్పూ కొంత తగ్గుతుంది, మందమూ కొంత తగ్గుతుంది. అప్పుడు వంపు కూడా ఆ రెంటి నడుమే ఉండాలి. చివరి బెత్తెడు మాత్రం లెక్క చెప్పినంత పలచగా చెయ్యకూడదు, నారి బలానికి పక్కకి మెలిపడుతుంది.

ఈ తేడాలు కంటికి ఆనవు. నారి ఎక్కించి అలా ఉంచినప్పుడు రెక్కలో ఒకచోట వంపు వ్యాసార్థం 120 సెంటీమీటర్లు, ఇంకోచోట 150 అనుకుందాం. ఎవరు చూసినా రెండూ ఒకలాగే ఉన్నాయంటారు. దీనికి ఒక చిన్న సాధనం ఉంది. 15 సెంటీమీటర్ల పొడవున్న చదునైన చెక్క దిమ్మ, మధ్యలో రంధ్రం, అందులో పెన్సిల్. వంగిన విల్లు పొట్ట గుంటగా ఉంటుంది కదా, దిమ్మ రెండు కొసలూ ఆనతాయి, మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందు ఎంత? దిమ్మ పొడవు వర్గాన్ని, వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. 120కి 2.3 మిల్లీమీటర్లు, 150కి 1.9. తేడా అర మిల్లీమీటరు లోపే, అయినా పెన్సిల్ కొసకి అది చాలు. బాగా వంగిన చోట పెన్సిల్ తగిలీ తగలకుండా బిగించి, దిమ్మను రెక్క పొడవునా జరపాలి. సందు తగ్గిన చోట, అంటే బిగుసుకుపోయిన చోట, పెన్సిల్ గీత పడుతుంది. గీత పడ్డ చోటే గీకాలి. మెత్తబడిన చోటును ముట్టుకోకూడదు, తీసిన చెక్క తిరిగి పెట్టలేం. మిగతా రెక్కను దాని స్థాయికి దించాలి. లోపం సరిచెయ్యకుండా, అది కనిపించిన దూరం కంటే ఎక్కువ లాగకూడదు. గుండ్రంగా వంగాల్సిన విల్లుకి దిమ్మను ఒకే బిగింపులో జరపవచ్చు. దీర్ఘవృత్తం కావాలంటే రెక్కను భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి పెన్సిల్ మార్చుకోవాలి.

పుట్టుకతోనే వంకరలున్న చెక్కతో దిమ్మ కూడా మోసపోతుంది. ఒకచోట చెక్క సహజంగా ముందుకు వంగి ఉంటే, అది సరిగ్గా పనిచేస్తున్నప్పుడు కూడా చదునుగానే కనిపిస్తుంది. అక్కడ చూడాల్సింది వంపులో వచ్చిన మార్పు. నారి లేనప్పుడు రెక్క ఆకారం కాగితం మీద గీసుకుని, వంచాక పోల్చుకోవడం కంటే మంచి దారి లేదు. ముడి ఉన్న చోట పోగులు చుట్టూ తిరిగి వెళతాయి కాబట్టి అక్కడ కాస్త చెక్క ఎక్కువ వదలాలి.

చంద్రుడు తరిగే రోజుల్లో నరికిన కలపే విల్లుకు నిలుస్తుందని ఒక నమ్మకం ఉంది. విరిగితే నరికిన రోజును తప్పుపడతారు. విల్లు బతుకు తేల్చేది చెక్కలో మిగిలిన తడి. ఎక్కువ తడి ఉంటే పొట్ట పోగులు మెత్తగా నలిగిపోతాయి, మరీ ఎండితే వీపు పెళుసుగా విరుగుతుంది. 8 నుంచి 10 శాతం తడి మంచిది. చెక్కను వారానికోసారి తూకం వేసి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే అది చుట్టూ ఉన్న గాలితో సర్దుకుంది. ఆ కాగితం మీది అంకెలు ఏ తిథి కంటేనైనా నమ్మదగినవి.

రెండు రెక్కల మధ్య సమతూకం గురించి కూడా మన పాఠకుడు అడిగారు. చెయ్యి పిడిని పట్టుకుంటుంది, బాణం చేతి పైనుంచి పోతుంది, అంటే నారిని లాగే చోటు విల్లు నడిమికి కొంచెం పైన. అందువల్ల కింది రెక్క మీద భారం ఎక్కువ పడుతుంది. అందుకే సాధారణంగా దాన్ని కొద్దిగా బిగుతుగా ఉంచుతారు. నారి ఎక్కించాక, పిడికి సమాన దూరంలో కొలిస్తే, పై రెక్కకీ నారికీ మధ్య సందు కింది దానికంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. జపాన్ విల్లు యుమిలో పిడి కింది నుంచి దాదాపు మూడో వంతు ఎత్తులో ఉంటుంది. అక్కడ రెండు రెక్కల పొడవే వేరు, లెక్క కూడా వేరు.

తర్వాతి విల్లు తయారయ్యాక ఆయన్ని ఒక పని చెయ్యమంటాను. వంద బాణాలు వేశాక నారి విప్పి వెంటనే విల్లును నిటారు గోడకి ఆనించి చూడండి. కొప్పులు మీ వైపు కాస్త వాలి ఉంటాయి. ఎంత వాలాయన్నదొక్కటే చాలదు, వంగుడు ఎక్కడ మొదలైందో చూడండి. పిడి పక్కన ఒక్క డిగ్రీ వంగుడు మిగిలిపోతే, 75 సెంటీమీటర్ల రెక్క కొసలో అది 13 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. కొప్పుకి 15 సెంటీమీటర్ల దగ్గర అదే ఒక్క డిగ్రీ మిగిలితే 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. వాలు పిడి పక్కనే మొదలైతే ఈసారి కూడా అక్కడి చెక్కే ఎక్కువ కష్టపడిందని అర్థం. అప్పుడు రెక్క మధ్య నుంచి కొస దాకా పొట్టను ఇంకొంచెం గీకి, మళ్లీ దిమ్మ జరపండి.